హరికథల శబ్దం సరిచేసే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి రాసేది.

కోనసీమ తేమకు బూజు పట్టిన ఆ హరికథ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించావని, ధనుర్మాసంలో రామాలయం మైకులో వేస్తారని అక్క చెప్పింది. ఎంత సంతోషించానో! ఒక్క మాట విను. చెవిని నమ్మి శబ్దం పెంచకు. నేనలాగే ఒక వాన రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని సరిచేశాను. తెల్లవారుజామున గుడిలో వేస్తే ఒక కథ కాలువ గట్టు దాకా కూడా వినిపించలేదు, తరువాతిది నిద్రపోతున్న పసివాళ్లను ఏడిపించింది.

ముందు శబ్దాన్ని కొలిచి చూడు. దానికి కంప్యూటర్లో ఆదేశాలు టైపు చేసి నడిపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ (ffmpeg) అనే ప్రోగ్రాం ఉంటే చాలు. అందులో వాల్యూమ్‌డిటెక్ట్ (volumedetect) అనే ఫిల్టర్ శబ్దం సగటు, గరిష్ఠం చూపిస్తుంది కానీ మన పనికి సరిపోదు. దాసుగారు మంచినీళ్లు తాగే నిశ్శబ్దం కూడా ఆ సగటులో కలుస్తుంది. గరిష్ఠమంటావా, అది చిరతల దెబ్బ. చిరతలు ఫైలు పట్టగల గరిష్ఠమైన సున్నా డెసిబెల్స్‌ను తాకుతున్నా గొంతు పీలగానే ఉండవచ్చు.

ఈబీయూఆర్128 (ebur128) ఫిల్టర్ వాడు. యూరప్ ప్రసార సంస్థల సంఘం 2010లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం చెవికి తోచే బిగ్గరతనాన్ని అది కొలుస్తుంది. ఆ కొలత యూనిట్ ఎల్‌యూఎఫ్‌ఎస్ (LUFS); అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత బిగ్గర. మైనస్ 70 కన్నా కిందున్న నిశ్శబ్దాన్ని లెక్కలోకి తీసుకోదు. మిగిలినదాని సగటుకు 10 యూనిట్లకు పైగా దిగువన ఉన్న భాగాలనూ లెక్కలోంచి తీసేసి మళ్లీ లెక్కగడుతుంది. అవుట్‌పుట్‌ను నల్‌గా (null, అంటే ఏమీ లేదని) పెడితే కొత్త ఫైలు తయారుకాదు, కొలత మాత్రమే వస్తుంది. పీక్‌ను ట్రూ అని (peak=true) పెట్టడం మరవకు; అప్పుడే ట్రూ పీక్, అంటే శబ్దం నిజంగా చేరే గరిష్ఠం, కూడా చూపిస్తుంది. ఫలితం మామూలు దారిలో కాక ఎర్రర్ సందేశాల దారిలో వస్తుంది కాబట్టి, ఫైల్లో దాచుకోవాలంటే ఆదేశం చివర బాణం గుర్తుకు ముందు 2 అంకె వేయాలి (2>). లేకపోతే ఖాళీ ఫైలే మిగులుతుంది.

ఫలితం చివర ఐ (I) అన్న అక్షరం ఎదురుగా ఉండేదే మొత్తం కథ బిగ్గరతనం. నా రెండు ఫైళ్లకు మైనస్ 27.4, మైనస్ 15.2 వచ్చాయి. ప్రసార ప్రమాణం మైనస్ 23. మొదటిదాన్ని అక్కడికి చేర్చాలంటే 4.4 డెసిబెల్స్ పెంచాలి, కానీ దాని ట్రూ పీక్ అప్పటికే మైనస్ 1.2. పెంచితే చిరతలు పగిలిపోతాయి. అందుకే మొదటిదానితో సమానమయ్యేలా రెండోదాన్నే 12.2 డెసిబెల్స్ తగ్గించాను. పెంచడానికి గుడి యాంప్లిఫయర్‌కు మీట ఉంది కదా!

లౌడ్‌నార్మ్ (loudnorm) అనే ఫిల్టర్ ఒకే విడతలో అన్నీ చేసేస్తుంది, కానీ దారి పొడవునా శబ్దాన్ని ఎత్తి దించుతుంది. దాసుగారు గొంతు తగ్గించి చెప్పే చోట ఆ తగ్గింపే ప్రాణం. దాన్ని చదును చేయకు.

అసలు ఫైళ్లను ముట్టుకోకుండా నకళ్ల మీదే పని చేయి. ఒక్కో కథకు వచ్చిన ఐ, ట్రూ పీక్ అంకెలు కాగితం మీద రాసి ఫొటో పంపు. ఏది ఎంత తగ్గించాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య