కొత్తగా చేరిన ప్రధానోపాధ్యాయులు పాత నిబంధనలను బిగించాలా, సడలించాలా?

కొత్తగా ప్రధానోపాధ్యాయులుగా చేరిన మీరు, ఉపాధ్యాయులూ పిల్లలూ మనస్ఫూర్తిగా పాటించే వాతావరణం రావాలంటే నిబంధనలను బిగించాలా, సడలించాలా అని అడిగారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఉన్నత పాఠశాలలో అదే బాధ్యత నిర్వహించి విరమణ పొందినవాడిగా, ఆ రెండింటికన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉందని నా అభిప్రాయం. ఏ నిబంధన కింద ఎవరు దొరుకుతున్నారో చూడాలి.

మా బడిలో ప్రతి సోమవారం ప్రార్థన వేళ చేతులు, గోళ్లు పరిశీలించి, శుభ్రంగా లేనివారిని వరుస తప్పించి పక్కన నిలబెట్టేవాళ్లం. ఒక మార్చి నెలలో హాజరు పట్టీ తిరగేస్తుంటే, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సోమవారాలు మాత్రమే రావడం లేదని కనిపించింది. ఇంటికి వెళ్లి అడిగితే, ఆదివారాలు తల్లితో కలిసి జీడిపిక్కలు ఒలుస్తుందని, పెంకులోని నూనె తగిలి నల్లబడిన వేళ్లు ఎంత రుద్దినా తెల్లబడవని తెలిసింది. పలాస పక్కనే పుట్టి పెరిగిన నాకు ఆ మరక తెలియనిది కాదు. అయినా ప్రార్థనలో దానిని మురికిగానే లెక్కవేశాను. పిల్ల చేత ఆ పని చేయించడం సరైనదని నేను అనను. కానీ అది తల్లితో మాట్లాడవలసిన విషయం. దానికి పిల్లను అందరి ముందు నిలబెట్టడం, 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన మానసిక వేధింపే.

సిబ్బంది సమావేశంలో ఈ పరిశీలన తీసేద్దామన్నప్పుడు, మా సీనియర్ లెక్కల మాస్టారు గట్టిగా వ్యతిరేకించారు. ఒకటి తీస్తే మిగిలినవీ నిలవవన్న ఆయన భయం కొట్టిపారేయదగినది కాదు. అందుకే తీసేయకుండా మార్చాం: మధ్యాహ్న భోజనానికి ముందు నాతో సహా అందరూ పిల్లల వరుసలోనే నిలబడి సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెద్దలకు వర్తించని నిబంధనకు పిల్లలు భయపడతారే తప్ప గౌరవం ఇవ్వరని నాకు అప్పుడే అర్థమైంది. సెల్‌ఫోన్ల విషయంలో మాత్రం మేం ఒక్క అడుగు కూడా వెనక్కి తగ్గలేదు.

తల్లిదండ్రుల కమిటీని కూడా చూడండి. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. మా కాగితాల్లో ఉండేవారు. సమావేశం మాత్రం వాళ్లు జీడి పనిలో ఉండే పగటి పూట పెట్టేవాళ్లం. సాయంత్రం ఆరు గంటలకు మార్చిన తరువాతే ఆ అమ్మాయి తల్లి మొదటిసారి బడికి వచ్చారు.