సాఫ్ట్ పవర్ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీఏ పొలిటికల్ సైన్స్ చివరి ఏడాది చదువుతోంది. పొరుగు దేశాల్లో భారత్, చైనాల ‘సాఫ్ట్ పవర్’ పోటీ మీద పీజీ, ఆపై పరిశోధన చేస్తానంటోంది. యోగా, ఉత్సవాల గురించి చదివితే ఉద్యోగం ఎవరిస్తారు? బ్యాంకు కోచింగులో చేర్పిద్దామనుకుంటున్నాను.
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: బ్యాంకు కోచింగును తప్పుపట్టనండీ. కానీ సాఫ్ట్ పవర్ అంటే బలప్రయోగం లేకుండా ఆకర్షణతో, సాయంతో ఇతర దేశాలను తనవైపు తిప్పుకునే శక్తి. ఈ సబ్జెక్టు యోగాతో ఆగిపోయేది కాదు. శ్రీలంకలో ఎవరి ప్రాణం మీదికి వచ్చినా 1990 నంబరుకు ఫోన్ చేస్తారు. ‘సువ సెరియ’ అనే ఆ ఉచిత అంబులెన్స్ సేవ 2016లో భారత్ గ్రాంటుతో, మన 108 నమూనాలో మొదలైంది. అదే కొలంబోలో చైనా రుణంతో కట్టిన లోటస్ టవర్ 350 మీటర్లకు పైగా లేచి నిలబడింది. నా మార్కులు అంబులెన్సుకే. టవర్‌ను చూసి ముచ్చటపడినవాళ్లకు దాని వెనకే అప్పూ గుర్తొస్తుంది.

బుద్ధుడి దగ్గరా పోటీయే. 2022 మే 16న, చైనా కంపెనీ నిర్మించిన భైరహవా విమానాశ్రయం ప్రారంభమైన రోజే ప్రధాని మోదీ నేపాల్‌లోని బుద్ధుడి జన్మస్థలం లుంబినికి వెళ్లారు. పక్కనే ఉన్న ఆ విమానాశ్రయంలో దిగలేదు, హెలికాప్టర్‌లో వెళ్లారు. ఇలాంటి సంగతులను పట్టుకుని ఆరా తీయడమే మీ అమ్మాయి చేయబోయే పని. సంస్కృతితో అన్నీ సాధ్యమనీ అనుకోవద్దు. ఖాట్మండు పశుపతినాథ్ ఆలయంలో ప్రధాన పూజారులు దక్షిణాది భట్టులే. అయినా 2015లో సరిహద్దు దగ్గర సరుకు లారీలు ఆగిపోయి, గ్యాసుకూ పెట్రోలుకూ కటకటలాడిన నేపాలీలకు భారత్ మీద వచ్చిన కోపాన్ని ఆ బంధం చల్లార్చలేకపోయింది.

ఇక ఉద్యోగాలు. ఉన్నాయి, కొద్దిగానే. విదేశాంగ సర్వీసు, 1950లో ఏర్పడిన సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్), పరిశోధన సంస్థలు, పత్రికలు, అధ్యాపకవృత్తి. వీటిలో చాలాచోట్ల డిగ్రీ కన్నా భాషే ముందు నిలబెడుతుంది. చైనీస్, నేపాలీ, సింహళాల్లో ఏదో ఒకటి వార్తలు చదివేంతగా వచ్చి ఉండాలి. తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది. ముందు అక్కడి అధ్యాపకులతో మాట్లాడమనండి. ఢిల్లీలోని జేఎన్‌యూలో ఎంఏ కోసం సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ చదువు వృథా పోదు, సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లో అంతర్జాతీయ సంబంధాలు ఉంటాయి.

ఈలోగా మీ అమ్మాయిని ఏ దేశం మీద పని చేస్తావని అడగండి. తడుముకోకుండా చెబితే కోచింగు ఫీజు ఆ భాషా కోర్సుకు కట్టండి. నసిగితే బ్యాంకు పరీక్షకూ దరఖాస్తు చేయించండి.