చిన్నీకి పెద్దమ్మ: ఆ చివరి కిలోల సంగతి

చిన్నీ,

66 నుంచి 58కి దిగావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే నాకు ఎంత సంతోషమైందో! ఒంగోల్లో ఒక్కదానివే వండుకు తింటా, ఉద్యోగం చేసుకుంటా 8 కిలోలు తగ్గడం మాటలు కాదు. కానీ మిగిలిన 3 కిలోల కోసం రాత్రిపూట అన్నం మానేశావని కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ముందు లెక్క సరిచేసుకో. నీ ఎత్తు 157 సెంటీమీటర్లు. మన దేశం వాళ్లకు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, 23 లోపల ఉంటే మంచిదంటారు. నీకది 56.7 కిలోల దగ్గర వస్తుంది. 56కి చేరితే చాలు, 55 పట్టుదల వదిలెయ్.

బరువు ఆగిపోయిందని నీమీద నువ్వు కోపం తెచ్చుకోవద్దు. 66 కిలోల ఒంటికి రోజుకు కావాల్సిన దానికంటే 58 కిలోల ఒంటికి ఇంచుమించు 100 కేలరీలు తక్కువ సరిపోతాయి. అప్పుడు తగ్గించి తిన్న తిండే ఇప్పుడు సరిసమానం అయిపోతా వస్తుంది. దానికి తోడు ఇన్నాళ్లయ్యాక కొలతలు జారతాయి. స్పూను నూనె స్పూనున్నర అవుతుంది, పల్లీ చట్నీ ఇంకో గరిటె పడుతుంది.

అందుకని మొదటి రెండు వారాలు ఏదీ తగ్గించకు. వంటింటికి ఒక చిన్న కాటా కొనుక్కో. బియ్యం వండకముందే తూచు, ఎందుకంటే అన్నంలో నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. 100 గ్రాముల బియ్యం దాదాపు 350 కేలరీలు. కొర్రలూ అంతే, కాస్త అటూ ఇటూ. కొర్రన్నం కదా అని రెండింతలు పెట్టుకుంటే బరువు తగ్గదు. నూనె చిన్న స్పూను 45 కేలరీలు, చక్కెర స్పూను 20. నూనెకు సుళువైన పద్ధతి ఒకటుంది: అర లీటరు సీసా విడిగా పెట్టుకో. అది నెలంతా రావాలి. ఇరవై రోజులకే అయిపోతే కారణం అక్కడే దొరికినట్టు. మన చేపల పులుసుకు నూనె తేలితేనే రుచి, నేను కాదనను. ముక్కలు తీసుకో, పైన తేలినదాన్ని గరిటెతో పక్కకు నెట్టు. నెయ్యి కారందోసె ఆదివారం ఒకటి తిను, కానీ తిన్నది రాసిపెట్టు.

రోజూ పొద్దున్నే ఏమీ తాగకముందు బరువు చూసుకుని, వారానికి సగటు తీయి. రెండు వారాల సగటూ ఒకటే అయితే అప్పుడు రోజుకు 200 కేలరీలు తగ్గించు. రెండు స్పూన్ల నూనె, 25 గ్రాముల బియ్యం, కాఫీలో ఒక స్పూను చక్కెర. అంతే. దాంతో నెలకు ముప్పావు కిలో పోతుంది. 2 కిలోలకు మూడు నెలలు పట్టనీ, తొందరేముంది?

ఇక పోయినేడు అక్క పెళ్లికి ముందు చేసిన పని గురించి. నువ్వు మర్చిపోయుంటావు, నేను మర్చిపోలేదు. అన్నం పూర్తిగా మానేసి పండ్లు, మజ్జిగతో గడిపావు. మొదటి వారంలోనే 2 కిలోలు పోయాయని ఎగిరి గంతేశావు. పోయింది కొవ్వు కాదమ్మా, నీళ్లు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం గ్రాముకు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. అన్నం మానేస్తే ఆ నిల్వా కరుగుతుంది, నీళ్లూ పోతాయి. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు లోటు పడాలి, వారంలో 2 కిలోలు ఎట్లా పోతాయి? మూడో వారం ముల్లు కదలకపోయేసరికి తిండి ఇంకా తగ్గించావు. అప్పుడు ఒళ్లు ఏం చేస్తుందో తెలుసా? నీకు తెలియకుండానే కదలిక తగ్గించేస్తుంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు, మేడ మెట్లు ఎక్కబుద్ధి కాదు. మాంసకృత్తులు చాలక కండ కరుగుతుంది. పెళ్లింట్లో రెండు రోజులు అన్నం తినేసరికి నీళ్లన్నీ తిరిగొచ్చాయి, నువ్వేమో కొవ్వు పెరిగిందని ఏడ్చావు. రెండు మూడు నెలల తర్వాత తలదువ్వితే గుప్పెళ్లుగా జుట్టు ఊడింది. షాంపూ మార్చావే గానీ, మూలం ఆ పస్తులని ఒప్పుకోలేదు. ఒంటికి గట్టి దెబ్బ తగిలితే జుట్టు ఆలస్యంగానే రాలుతుంది తల్లీ. నీ జడ సన్నబడిందని మీ అమ్మ ఎంత బాధపడిందో నీకు తెలియదు. ఇప్పుడు రాత్రి అన్నం మానడం కూడా ఆ దారే.

కోసేది నూనెలో, బియ్యంలో. మాంసకృత్తుల్లో మాత్రం కాదు. నీకు రోజుకు 70 గ్రాముల దాకా రావాలి. రెండు గుడ్లు 12, 150 గ్రాముల చేపో రొయ్యో 25 పైన, 50 గ్రాముల కందిపప్పు 11, గిన్నెడు పెరుగు 6 లేదా 7, 150 గ్రాముల బియ్యంలోనే 10. చేపలు దొరకని రోజు ఇంకో గుడ్డు, ఇంకాస్త పప్పు.

నెలసరి ముందు కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. ఆవకాయో ఎండు చేపలో తిన్న మర్నాడూ అంతే. అది ఉప్పు పట్టుకున్న నీరు. ఆ వారం చూసి భయపడి తిండి కోయకు, పోయిన నెల అదే వారంతో పోల్చు.

కళ్లు తిరిగినా, నెలసరి తప్పినా ఆ రోజే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లు. నాకు నిద్రపట్టనిది దీని గురించే. 56కి చేరాక ఒక్కసారిగా పాత తిండికి పోకుండా రోజుకు తీసేసిన ఆ 200 కేలరీలను మొదటి వారం 100, రెండో వారం ఇంకో 100 చొప్పున తిరిగి కలుపుకో, సగటు నిలబడిందా చూడు.

ఇదంతా మొదలుపెట్టేముందు రక్తపరీక్ష చేయించు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే బరువు మాట పక్కనపెట్టి ముందు దానికి మందు వాడాలి. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. ఇవ్వాళ రాత్రికి మాత్రం అన్నం తిను.

మీ పెద్దమ్మ
కావలి