డైట్‌లన్నీ ఫెయిలయ్యాయి... ఆపరేషన్ కూడా అంతేనేమో?

ప్రశ్న: మాది రాయగడ. నా వయసు 41 ఏళ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు. పెళ్లినాటికి 58 ఉండేదాన్ని. ఆరేళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేకపోతున్నాను. గురక కూడా ఎక్కువే. విశాఖపట్నంలో చూపించుకుంటే బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకోమన్నారు. దానికి ముందు రెండు వారాలు చాలావరకు ద్రవాహారమే తీసుకోవాలన్నారు, సైకాలజిస్టును కూడా కలవమన్నారు. ‘నోరు కట్టుకుంటే పోయేదానికి పొట్ట కోయించుకోవడమేమిటి’ అంటున్నారు మా అత్తగారు. నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది. ఇప్పటికి మూడుసార్లు పదేసి కిలోలు తగ్గి, మళ్లీ పెరిగాను. ఇంత ఖర్చు పెట్టించి ఇందులోనూ ఓడిపోతే పిల్లలకు ముఖం ఎలా చూపించను? ఆ రెండు వారాలైనా ఉండగలనా అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, రాయగడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో షుగర్ గురించి ఒక్క వాక్యం, మోకాళ్ల గురించి ఒక్క వాక్యం రాశారు. మిగతాదంతా మిమ్మల్ని మీరు నిందించుకోవడమే. అందుకే ముందు దాని గురించే మాట్లాడతాను.

మూడుసార్లు పదేసి కిలోలు తగ్గిన మనిషిని నోరు కట్టుకోలేని మనిషి అనడానికి లేదు. కట్టుకున్నారు కాబట్టే తగ్గారు. మళ్లీ పెరగడానికి కారణం వేరే ఉంది. బరువు తగ్గుతున్నకొద్దీ శరీరం కరువు వచ్చిందనుకుంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గుతాయి. కదలకుండా కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా పడిపోతుంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో పాల్గొని బాగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. వాళ్లలో చాలామంది బరువు మళ్లీ పెరిగింది. అయినా వాళ్ల శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి మాత్రం, ఉండాల్సినదానికంటే రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువగానే ఉంది. ఒక పూట భోజనమంత తేడా అది. ఏళ్ల తరబడి రోజూ ఆ ఆకలిని పంటి బిగువున ఓర్చుకోవడం ఎవరికైనా చాలా కష్టం. మీరు ఓడిపోయారని నేను అనుకోవడం లేదు.

స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా అందులో పోతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత చాలామంది మాకు మొదట చెప్పేది ‘ఆకలి మునుపటిలా లేదండీ’ అనే. అంటే డైట్‌లో మిమ్మల్ని దెబ్బతీసిన ఆకలినే ఇక్కడ తగ్గిస్తున్నారు. కాబట్టి పాత డైట్‌ల ఫలితాన్ని చూసి దీని ఫలితాన్ని ఊహించుకోవద్దు. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక అధ్యయనంలో బరువు తగ్గించే ఇతర రకాల ఆపరేషన్లు చేయించుకున్న దాదాపు రెండు వేల మందిని, చేయించుకోని మరో రెండు వేల మందిని ఏళ్ల తరబడి గమనించారు. ఆపరేషన్ అయినవాళ్లలో మరణాలు తక్కువని 2007లో తేలింది.

మీ ఎత్తు, బరువులకు బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే కొలత) 45 వస్తుంది. 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే, ఇతర జబ్బులు లేకపోయినా, ఈ ఆపరేషన్ సూచించవచ్చు. మన ఆసియా వాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ, 27.5 నుంచే ఆలోచించమన్నారు. మీకు షుగర్, మోకాళ్ల నొప్పులు, గురక కూడా ఉన్నాయి. మీ డాక్టరుగారు తొందరపడలేదు.

ఒక విషయంలో మాత్రం మీ ఆశను కొంచెం సవరించుకోవాలి. స్లీవ్‌తో సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో 25 నుంచి 30 శాతం తగ్గుతుంది. అంటే మీరు 76 నుంచి 81 కిలోల మధ్యకు రావచ్చు. పెళ్లినాటి 58 కాదు. తర్వాత కొన్ని కిలోలు తిరిగి రావడం కూడా మామూలే. 58ని మనసులో పెట్టుకుంటే 78 దగ్గర నిలిచినప్పుడు, షుగర్ అదుపులోకి వచ్చి మెట్లు ఎక్కగలుగుతున్నా సరే, మళ్లీ ఓడిపోయాననే అనుకుంటారు. అందుకే ‘మజ్జిగౌరమ్మ గుడికి నడిచి వెళ్లి రావాలి’, ‘షుగర్ మాత్రలు తగ్గాలి’ అని రాసి పెట్టుకోండి. కొలవడానికి అవే మేలు.

ఇక మీరు భయపడుతున్న రెండు వారాలు. అది మీ నిగ్రహానికి పెట్టిన పరీక్ష కాదు. అధిక బరువు ఉన్నవాళ్లలో కాలేయంలో కొవ్వు చేరి అది పెద్దదవుతుంది. జీర్ణాశయం దాని కిందే ఉంటుంది. పిండి పదార్థాలు బాగా తగ్గించి రోజుకు 800 నుంచి 1000 క్యాలరీలతో రెండు వారాలుంటే కాలేయం చిన్నదవుతుంది, సర్జన్‌కు చోటు దొరుకుతుంది. మొదటి మూడు నాలుగు రోజులే కష్టం, తర్వాత చాలామందికి ఆకలి సర్దుకుంటుంది. మధ్యలో ఒక పూట తప్పితే ‘ఇక అయిపోయింది’ అని వదిలేయకండి, తర్వాతి పూట నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మీ డైటీషియన్ ఒప్పుకుంటే చప్పటి మజ్జిగ, గుడ్డులోని తెల్లసొన, పల్చటి పప్పుకట్టు, ప్రొటీన్ పొడి సరిపోతాయి. మన వైపు తేలికని చెప్పి గిన్నెడు చోడి (రాగి) అంబలి తాగేస్తారు, పఖాళ్ (నీళ్లలో నానబెట్టిన అన్నం) తింటారు. అవి మంచివే గానీ ఈ రెండు వారాలకు కాదు, వాటిలో పిండి పదార్థమే ఎక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. తిండి తగ్గించి షుగర్ మాత్రలు మునుపటిలాగే వేసుకుంటే ప్రమాదం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలతో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివైతే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. వాటిని ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఆపిస్తారు. మీ మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లి, డైట్ మొదలుపెట్టక ముందే డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఆపవద్దు, కొనసాగించనూ వద్దు.

మన ప్రాంతానికి సంబంధించిన మరో రెండు మాటలు. మీ ఉత్తరంలో లేదు, అయినా అడుగుతున్నాను. గుడాకు రుద్దుకునే అలవాటుందా? పొద్దున్నే పళ్లకు రుద్దుకునేదే కదా అని చాలామంది ఆడవాళ్లు డాక్టరు అడిగినా చెప్పరు. అది పొగాకే. పొగాకు వల్ల కుట్లు త్వరగా మానవు, జీర్ణాశయంలో పుండ్లు పడతాయి. కనీసం ఆరు వారాల ముందు మానేయాలి, తర్వాత మళ్లీ మొదలుపెట్టకూడదు. రెండోది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. దక్షిణ ఒడిశాలో ఇది ఎక్కువ. మీకు ఏ ఇబ్బందీ లేకపోయినా ఆ రక్తపరీక్ష చేయించి, ఫలితం మత్తు డాక్టరుకు చెప్పండి. గురక గురించి కూడా వాళ్లకు చెప్పాలి. నిద్రలో శ్వాస ఆగుతోందని పరీక్షలో తేలితే కొన్ని వారాలు మాస్కు యంత్రం వాడిన తర్వాత ఆపరేషన్ చేయడం క్షేమం.

ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నాయా? ఉంటే దాచకండి. స్లీవ్‌తో అవి పెరగవచ్చు. అలాంటివారికి గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే ఆపరేషన్) మేలు కావచ్చు. ఎండోస్కోపీ చేసి నిర్ణయిస్తారు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్రలు కూడా మానాలి, వాటితో పుండ్లు పడతాయి.

సైకాలజిస్టు దగ్గరకు పంపింది మీ మనసులో తప్పు వెతకడానికి కాదు. దిగులు వేసినప్పుడు తినడం, రాత్రి అందరూ పడుకున్నాక తినడం, డిప్రెషన్ లాంటివి ఉంటే ముందే చికిత్స చేస్తారు. మీరు నాకు రాసినదంతా ఆమెకో, ఆయనకో అలాగే చెప్పండి. చాలామందికి ఇది ఆపరేషన్‌ను రద్దు చేసే కారణం కాదు, కొన్నాళ్లు ఆగి చేయించుకునే కారణం. తేదీ వాయిదా పడితే సిగ్గుపడకండి.

అత్తగారితో వాదన వద్దు. ఒకసారి డాక్టరు దగ్గరకు మీతోపాటు తీసుకెళ్లండి. కోడలు చెబితే వినని మాట సర్జన్ చెబితే వింటారు. ఇంటికొచ్చాక మీకు జావ కాచి ఇచ్చే మనిషి ఆమే కావచ్చు కదా.

ఖర్చు గురించి: ఆరోగ్య బీమా ఉంటే పాలసీలో స్థూలకాయం నిబంధన చదివించుకోండి. బీఎంఐ 40 దాటి, 18 ఏళ్లు నిండి, ఇతర చికిత్సలతో ఫలితం రాలేదని రికార్డుంటే సాధారణంగా వర్తిస్తుంది, వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఎన్నాళ్లు ఆగాలన్న గడువు) మాత్రం చూసుకోవాలి. కాబట్టి పాత డైట్ చీటీలు పారేయకండి.

అనుభవమున్న చోట ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం వెయ్యికి ఒకరి దరిదాపుల్లో ఉంటుంది. తక్కువే, సున్నా కాదు. కుట్ల దగ్గర లీక్ అయితే త్వరగా గుర్తించాలి. అందుకే డిశ్చార్జి కాగానే రైలెక్కేయకుండా, మొదటి చెకప్ అయ్యేదాకా విశాఖలోనే బంధువుల ఇంట్లో ఉండండి. జ్వరం, గుండె దడ, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, కాలు వాపు, ఆయాసం... వీటిలో ఏది వచ్చినా మర్నాటి దాకా ఆగవద్దు. రాయగడ వచ్చాక ఏ వేళలోనైనా ఎవరికి ఫోన్ చేయాలో, ఇక్కడ ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. దానికి సరైన జవాబు రాకపోతే ఇంకో చోట రెండో అభిప్రాయం తీసుకోండి. జీవితాంతం వేసుకోవాల్సిన విటమిన్లు, రోజుకు 60 గ్రాములకు తగ్గని ప్రొటీన్, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా జాగ్రత్త, వీటి గురించి కూడా అదే రోజు అడగండి, మీ వారిని పక్కన కూర్చోబెట్టుకుని.