పందెపు పావురాల రెట్ట పలచబడితే

ప్రశ్న: చెన్నై పందేల కోసం పెంచుతున్న నా పావురాల్లో కొన్ని రెండు మూడు రోజులుగా ఆకుపచ్చగా, నీళ్లలా రెట్ట వేస్తున్నాయి. యాంటీబయాటిక్ ఇవ్వవచ్చా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కారణం తెలియకుండా దయచేసి ఇవ్వకండి. ఆరోగ్యంగా ఉన్న పావురం రెట్ట గోధుమరంగులో గట్టి ఉండలా ఉండి, దానిపై తెల్లటి టోపీ పెట్టినట్లు కనిపిస్తుంది. దూరప్రయాణం తర్వాత ఒక పూట పలచబడడం సహజమే గాని, ఇన్ని రోజులు సాగితే జబ్బనే అనుకోవాలి. ఆకుపచ్చ రంగు చాలాసార్లు మేత మానేసిందనడానికి గుర్తు, ఎందుకంటే ఖాళీ పేగులోకి పైత్యరసమే దిగుతుంది. నీటి మడుగు మధ్య సన్నటి మలం కనిపించి, మెడ మెలితిరుగుతుంటే పారామిక్సో వైరస్‌ను అనుమానించాలి. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. జబ్బు పక్షులను ఈరోజే వేరే గూట్లోకి మార్చి, కింద తెల్ల కాగితం పరచండి. ఉదయపు తాజా రెట్టను చిన్న డబ్బాలో పశువైద్యుడికి అందిస్తే, కాక్సిడియా (పేగుల్లో పెరిగే కంటికి కనిపించని పరాన్నజీవులు), నులిపురుగుల గుడ్లు ఉన్నదీ లేనిదీ సూక్ష్మదర్శినిలో తేలుతుంది. అంతవరకు మంచినీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.