ఇంజన్ విప్పించే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న స్ప్లెండర్ పొద్దున్నే ముప్పై కిక్కులు కొట్టినా స్టార్ట్ కావట్లేదనీ, అయ్యాక ఏదో చప్పుడు వస్తోందనీ ఫోన్లో చెప్పావు. మెకానిక్ ఇంజన్ విప్పాలన్నాడట. ఇప్పుడే ఒప్పుకోకు.

అసలు ముప్పై కిక్కులు కొట్టకూడదు. చోక్ (చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ పాలు పెంచే మీట) వేసి కొడితే ఐదారు కిక్కులకు అందుకోవాలి. అందుకోకపోతే ఆగి, పెట్రోల్ నాబ్ తెరిచి ఉందో లేదో, రిజర్వులో పెట్టాల్సి వచ్చిందేమో చూడు. పెట్రోల్ వాసన గుప్పుమంటే స్పార్క్ ప్లగ్గు, అంటే ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించేది, తడిసినట్టే. అప్పుడు నాబ్ కట్టేసి, చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొట్టు. చాలాసార్లు దీంతోనే లేస్తుంది.

లేకపోతే ప్లగ్గు ఊడదీయి. మళ్లీ దాని వైరు చివరుండే క్యాప్‌లో పెట్టి, ప్లగ్గు మర ఇంజన్ లోహానికి ఆనించి, తాళం ఆన్ చేసి కిక్ కొడితే నీలం రంగు నిప్పురవ్వ కనబడాలి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకో, ఒలికిన పెట్రోల్ ముందే తుడిచెయ్యి. ఈ జాగ్రత్త మాత్రం మర్చిపోకు, ఆవిరి అంటుకుంటుంది. ప్లగ్గు రంగు కూడా చూడు. ఇటుక రంగులో ఉంటే మంచిదే. పొడిగా నల్లటి మసి పట్టిందంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ పెట్రోల్ ఎక్కువ ఇస్తోందేమో చూపించు. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తున్నట్టు. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉంటాయి. ఇంజన్ విప్పే మాట అప్పుడు ఆలోచిద్దాం.

కాసేపు నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత తీయగానే మళ్లీ స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం పూడిందన్నమాట. దానికి కార్బురేటర్ విప్పించుకున్నవాళ్లను చూశాను.

ఇక చప్పుడు. అది ఎప్పుడు వస్తోందో కాగితం మీద రాసుకో: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, నిలబెట్టినప్పుడా, గేరులో లాగుతున్నప్పుడా? ఆ కాగితం మెకానిక్‌కి చూపిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. ఇంజన్ పైభాగం, అంటే హెడ్ దగ్గర టిక్ టిక్ అంటూ రేజ్‌తో పాటు పెరిగితే టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర సందు పెరిగినట్టు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సందు కొలిచే గేజ్ పెట్టి సరిచేయించు. మొత్తం చప్పుడు పోయేలా బిగించమని అడగకు. కొంచెం టిక్ టిక్ వినబడితే నష్టం లేదు, బిగుసుకుంటే వాల్వ్ కాలిపోతుంది. ఎడమ వైపు గరగరలాడితే ఇంజన్ లోపలుండే టైమింగ్ చైన్. బండి కదులుతున్నప్పుడు మాత్రమే వెనక కటకట వస్తే ఇంజన్‌ని అనుమానించకు. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ వెనక చక్రం చైను నాలుగు చోట్ల చూడు. సుమారు అంగుళం ఊగాలి.

కింద నుంచి దడదడమని సుత్తి కొట్టినట్టు వస్తే అక్కడికక్కడ ఆపెయ్. ఒకసారి చిలకలూరిపేట దాటాక నా బండికి అలాగే వచ్చింది. ఇంటికి వెళ్లి చూద్దాంలే అని ఒంగోలు వైపు పోనిచ్చాను. మధ్యలోనే ఇంజన్ పట్టేసింది. ఆయిల్ చుక్క లేదు, కనెక్టింగ్ రాడ్ పోయింది. ఆ రాత్రి హైవే పక్కన లారీ కోసం నిలబడ్డ సంగతి నాకింకా గుర్తుంది, నీకు అలాంటిది రాకూడదు.

అందుకే ముందు ఆయిల్ చూడు. సెంటర్ స్టాండ్ వేసి, మూడు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపి, ఇంకో మూడు నిమిషాలాగి, డిప్‌స్టిక్ (ఆయిల్ మూతకుండే కొలత పుల్ల) తుడిచి, మర బిగించకుండా ఆనించి తీయి. రెండు గీతల మధ్య ఉండాలి.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్‌6 (కొత్త పొగ ప్రమాణాల) బళ్లలో చాలావాటికి చోక్ సంగతి పనికిరాదు, వాటిలో కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. అవి లేవకపోతే కిల్ స్విచ్, సైడ్ స్టాండ్, బ్యాటరీ చూసి, ఆ పైన షోరూంకే పంపాలి.

రేపు పొద్దున్నే ప్లగ్గు తీసి ఫొటో పంపు. డిప్‌స్టిక్‌ది కూడా.

మీ పెదనాన్న