తమ్ముడి దయ్యం సినిమాకి ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు సొంతంగా ఒక హారర్ సినిమా తీస్తున్నాడు. నీళ్లలో తోసి చంపేసిన అమ్మాయి ఆత్మగా తిరిగొచ్చి పగ తీర్చుకునే కథ. బడ్జెట్‌లో సగం నన్ను పెట్టమంటున్నాడు. నా పొదుపంతా ఇచ్చినా చాలదు, ఇల్లు తాకట్టు పెట్టి అప్పు కూడా తేవాలి. "చిన్న బడ్జెట్ దయ్యం సినిమాలు ఎంతెంత తెచ్చాయో చూడక్కా" అంటాడు. కాదనలేకపోతున్నాను. బడ్జెట్ కాగితం జత చేశాను.

జవాబు: ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకండమ్మా. మిగతాదంతా నెమ్మదిగా మాట్లాడుకుందాం.

మీ తమ్ముడు అబద్ధం చెప్పడం లేదు. 'పారానార్మల్ యాక్టివిటీ'ని ఓరెన్ పెలీ తన సొంతింట్లోనే, వారం రోజుల్లో, సుమారు 15,000 డాలర్లతో తీశాడు. థియేటర్లలో అది 19 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. హారర్‌కి స్టార్లు అక్కర్లేదు. ఒక ఇల్లు, నలుగురు నటులు ఉండి, భయం నిజంగా పుడితే జనం వస్తారు. కానీ ఆ 19 కోట్లు టికెట్ల మీద వచ్చిన మొత్తం, తీసినవాళ్ల చేతికొచ్చింది కాదు. పైగా 2007లో ఫెస్టివల్‌లో చూపించిన సినిమా అన్ని చోట్లా విడుదలయ్యేసరికి 2009 అయింది, అదీ ఒక పెద్ద స్టూడియో తీసుకున్నాక. అన్నాళ్లూ మీరు ఇంటి మీద అప్పుకి వడ్డీ కట్టగలరా? ఇలాగే తీసి, కొనేవాళ్లు లేక హార్డ్ డిస్కుల్లో ఉండిపోయిన సినిమాల పేర్లు ఎవరికీ తెలియవు. అందుకే తమ్ముడి లెక్కలోకి అవి రాలేదు.

టికెట్ డబ్బులో ముందు థియేటర్ వాటా పోతుంది. తర్వాత డిస్ట్రిబ్యూటర్ కమీషన్, ప్రచారానికి అతను పెట్టిన ఖర్చు, సినిమా అమ్మిపెట్టిన ఏజెంటు వాటా. మధ్యలో అప్పులుంటే అవి. అన్నీ పోయాక మిగిలితే పెట్టుబడిదారుకి. మీరు నిలబడేది ఆ వరస చివర్లో.

బడ్జెట్ కాగితం రెండుసార్లు చదివాను. ఆత్మ పాత్రకి నీళ్లలో నానిపోయిన చర్మంలా మేకప్ వేయడానికి మూడు గంటలు పడుతుందని తమ్ముడే రాశాడు. యూనిట్ అంతా రాత్రి ఏడింటికి వస్తుందనీ రాశాడు. అంటే మొదటి షాట్ పదింటికి గానీ పడదు, అప్పటిదాకా అందరికీ కూలి లెక్కే. తెల్లారితే సీన్ ఆగిపోతుంది. పద్నాలుగు రాత్రులు అనుకున్నది ఇరవై అవుతుందని నా భయం. ఆ నటిని, మేకప్ మనిషిని సాయంత్రం నాలుగింటికే పిలిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. అనుకోని ఖర్చులకి పది శాతం పక్కన పెట్టడం సినిమా బడ్జెట్లలో మామూలు, ఇందులో అది లేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది 'సౌండ్' అన్న వరస. ఎదురుగా అంకె వేయలేదు. చీకటి గదిలో తలుపు కిర్రుమంటేనే కదా ప్రేక్షకుడు కుర్చీలో ముడుచుకునేది! దాన్ని ఖాళీగా వదిలేస్తే సినిమా సగంలో ఆగి, మళ్లీ డబ్బుకి మీ దగ్గరికే వస్తాడు.

మీరు ఎంత ఇవ్వొచ్చంటే, ఆరు నెలల ఇంటి ఖర్చు, రిటైర్మెంట్ డబ్బు, పిల్లల చదువుకి దాచింది ముట్టుకోకండి. మిగిలినదాంట్లో పదో వంతు దాటొద్దని నా సలహా. అది రేపు పూర్తిగా పోయినా మీ జీవితం మారకూడదు, మీ ఇద్దరి మధ్య మాటలు ఆగిపోకూడదు. అదీ ఒక్కసారిగా ఇవ్వకండి. 'ఈవిల్ డెడ్' తీయడానికి ముందు శామ్ రైమీ 1978లో సుమారు 1,600 డాలర్లతో ఒక చిన్న సినిమా తీసి, దాన్ని చూపించి డాక్టర్లు, లాయర్ల దగ్గర పెట్టుబడి తెచ్చుకున్నాడు. తమ్ముణ్ని కూడా ముందు పది నిమిషాల సినిమా తీయమనండి. అది చూసి బయటివాళ్లు ఎవరైనా డబ్బు పెడితే అప్పుడు మీ రెండో విడత.

తోబుట్టువులమని నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. సినిమాకి విడిగా ఒక కంపెనీ, విడిగా ఒక బ్యాంకు ఖాతా ఉండాలి. మీ అసలు ఎవరి తర్వాత తిరిగొస్తుందో, లాభంలో వాటా ఎంతో రాసుకోండి. కంపెనీ తెచ్చే అప్పుకి హామీ సంతకం చేయకండి. కథ రాసినవాళ్లు, సంగీతం చేసినవాళ్లు హక్కులు ఇచ్చినట్టు కాగితాలు లేకపోతే కొనేవాళ్లు ముందుకు రారు. 1968లో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' పేరు మార్చినప్పుడు తెర మీద కాపీరైట్ ప్రకటన తప్పిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం హక్కులే పోయాయి. ఎవరు పడితే వాళ్లు ఆ సినిమా అమ్ముకున్నారు.

తమ్ముణ్ని కూర్చోబెట్టి ముందు ఆ సౌండ్ అంకె అడగండి. దాన్ని ఎవరు చేస్తారో, ఎంత అవుతుందో అతను చెప్పగలిగితే, ఆ పది నిమిషాల సినిమాకి డబ్బు సంతోషంగా ఇవ్వండి.